ఆక్సిజన్‌లో రెండు పరమాణువులున్నా అది సమ్మేళనం ఎందుకు కాదు?

మూలకానికీ సమ్మేళనానికీ తేడా ఏమిటని అడిగారు గానీ, మీరు రాసిన దాంట్లో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు కలిసే ఉంటాయి కదా, మరి దాన్ని సమ్మేళనం అని ఎందుకు అనరు? హైడ్రోజన్ మండే వాయువు, ఆక్సిజన్ మంటను పెంచే వాయువు, ఆ రెండూ కలిసిన నీళ్ళు మంటను ఎలా ఆర్పుతాయి? సమ్మేళనంలో మూలకాల నిష్పత్తి ఎప్పటికీ మారదని పుస్తకంలో ఉంది, నిజంగా ఎప్పటికీ మారదా?

ఇరవై ఏళ్ళకు పైగా రసాయనశాస్త్రం చెబుతున్నాను. మొదటి రెండు ప్రశ్నలూ దాదాపు ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. మూడోది అడిగేవాళ్ళు చాలా తక్కువ. దాన్ని చివర్లో తీరిగ్గా చూద్దాం.

మూలకం అంటే ఒకే రకం పరమాణువులున్న పదార్థం. సమ్మేళనం అంటే రెండు లేదా అంతకంటే ఎక్కువ రకాల పరమాణువులు రసాయన బంధాలతో కలిసి ఏర్పడిన పదార్థం. ఈ రెండు వాక్యాలూ మీకు వచ్చే ఉంటాయి. వాటిలో గీత గీసుకోవాల్సిన మాట 'రకం'. ఎన్ని పరమాణువులు కలిశాయన్న లెక్కతో మనకు పని లేదు. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు, ఓజోన్ అణువులో మూడు, తెల్ల భాస్వరంలో నాలుగు, మామూలు గంధకంలో ఎనిమిది. వజ్రం సంగతైతే చెప్పక్కర్లేదు, చిన్న వజ్రపు తునకలో కూడా లెక్కకు అందనన్ని కార్బన్ పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఇవన్నీ మూలకాలే, ఎందుకంటే ఒక్కోదాంట్లో ఉన్నది ఒకే రకం. అదే కార్బన్ మోనాక్సైడ్‌ను తీసుకోండి. అణువులో ఉన్నవి రెండే పరమాణువులు, ఒకటి కార్బన్, ఇంకొకటి ఆక్సిజన్. రెండు రకాలు కాబట్టి అది సమ్మేళనం. మీ మొదటి ప్రశ్నకు సమాధానం ఇంతే.

అయితే 'రకం' అని దేన్ని చూసి అంటాం? పరమాణువు మధ్యలో ఉండే కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యను చూసి. 8 ప్రోటాన్లుంటే ఆక్సిజన్, 17 ఉంటే క్లోరిన్, 26 ఉంటే ఇనుము. 1913లో హెన్రీ మోస్లీ ఎక్స్ కిరణాలతో చేసిన ప్రయోగాల వల్ల మూలకాలకు అసలైన వరుస సంఖ్య ఇదేనని తేలింది. ఇవాళ 118 మూలకాలు గుర్తింపు పొంది ఉన్నాయి. ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య మారవచ్చు. క్లోరిన్‌లో 35 ద్రవ్యరాశి ఉన్నవీ, 37 ఉన్నవీ కలిసే ఉంటాయి, సగటు 35.5 అని పట్టికలో కనిపించేది అందుకే. రెండింటిలోనూ ప్రోటాన్లు 17 కాబట్టి రెండూ క్లోరినే.

చాలామంది ఇక్కడితో ఆగిపోయి పరీక్షకు వెళ్ళిపోతారు. నాకు మాత్రం, ప్రోటాన్ల సంగతి తెలియకముందు మనుషులు ఒక పదార్థం మూలకమో కాదో ఎలా తేల్చుకున్నారన్నది ఇంతకంటే ముఖ్యం అనిపిస్తుంది. పరమాణువును చూసినవాళ్ళు లేరు. చేతిలో ఉన్నవి నిప్పు, ఆమ్లాలు, తక్కెడ. ఫ్రాన్స్‌లో ఆంట్వాన్ లవోయిజియే ఒక పని సూత్రం పెట్టుకున్నాడు: ఏ పద్ధతిలో ప్రయత్నించినా ఇంకా సరళమైన పదార్థాలుగా విడిపోని దాన్ని, ఎవరైనా విడగొట్టేదాకా, మూలకం అనుకుందాం. 1789లో ఆయన వేసిన పట్టికలో 33 పేర్లున్నాయి. వాటిలో ఆక్సిజన్, హైడ్రోజన్, నత్రజని, గంధకం ఉన్నాయి. కాంతి, ఉష్ణం కూడా ఉన్నాయి! సున్నం కూడా ఉంది. సున్నాన్ని ఎంత కాల్చినా అది విడిపోదు, కాబట్టి ఆ సూత్రం ప్రకారం అది మూలకమే.

దాన్ని విడగొట్టడానికి నిప్పు చాలలేదు, కరెంటు కావాల్సి వచ్చింది. 1800లో వోల్టా బ్యాటరీ సంగతి బయటకు రాగానే, అదే ఏడాది ఇంగ్లండ్‌లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు నీటిలోకి విద్యుత్తు పంపి హైడ్రోజన్‌నూ ఆక్సిజన్‌నూ విడదీశారు. 1807లో హంఫ్రీ డేవీ కరిగించిన క్షారాల నుంచి పొటాషియం, సోడియం రాబట్టాడు. మరుసటి ఏడాది సున్నం వంతు వచ్చింది, అందులోంచి కాల్షియం అనే లోహం బయటపడింది. అలా సున్నం మూలకాల పట్టికలోంచి సమ్మేళనాల వైపుకు వచ్చింది.

దీనికి తిరగబడ్డ కథ క్లోరిన్‌ది. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే 1774లో దాన్ని తయారుచేశాడు. అయితే అది ఆక్సిజన్ ఉన్న సమ్మేళనమని చాలా ఏళ్ళు నమ్మారు. డేవీ అందులోంచి ఆక్సిజన్ తీయాలని ఎర్రగా కాలిన బొగ్గుతో సహా రకరకాలుగా ప్రయత్నించాడు. ఎంత చేసినా ఆక్సిజన్ రాలేదు. చివరికి 1810లో ఇది మూలకమే అని ప్రకటించి, దాని పసుపు కలిసిన ఆకుపచ్చ రంగును బట్టి పేరు కూడా పెట్టాడు. ఈ రెండు కథలూ తరగతిలో తప్పకుండా చెప్పాలని నా అభిప్రాయం. మూలకం, సమ్మేళనం అనేవి ఎవరో గడి గీసి పెట్టిన పేర్లు కావని, ఎన్నో ఏళ్ళు విడగొట్టి చూసి తేల్చుకున్నవని పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

ఒక చిన్న హెచ్చరిక. సమ్మేళనాన్ని విడగొడితే ఎప్పుడూ మూలకాలే వస్తాయనుకోకండి. సున్నపురాయిని కాలిస్తే సున్నం, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. రెండూ సమ్మేళనాలే, ఇంకా విడగొట్టవచ్చు. మెర్క్యురిక్ ఆక్సైడ్ లాంటి కొన్ని మాత్రం వేడి చేస్తే చాలు, నేరుగా పాదరసం, ఆక్సిజన్‌గా విడిపోతాయి.

ఇక మీ రెండో ప్రశ్న, నా దృష్టిలో అసలు ప్రశ్న. దానికి ముందు ఒక ప్రయోగం గుర్తు చేయాలి. 7 గ్రాముల ఇనుప రజనూ, 4 గ్రాముల గంధకం పొడీ కలపండి. ఇది మిశ్రమం. కాగితం కింద అయస్కాంతం తిప్పితే ఇనుము దాని వెంటే కదులుతుంది, గంధకం పసుపుగా మిగిలిపోతుంది. కాస్త తీసి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే ఇనుము వల్ల హైడ్రోజన్ వస్తుంది, దానికి వాసన ఉండదు. ఇప్పుడు ఈ మిశ్రమాన్ని పరీక్షనాళికలో వేసి అడుగున వేడి చేయండి. ఒక మూల ఎర్రబడగానే మంట తీసేయండి. తీసేసినా ఎరుపు ఆగదు, తనంతట తానే పైకి పాకుతూ నాళిక అంతా నిప్పులా వెలుగుతుంది. చల్లారాక నల్లటి గట్టి ముద్ద మిగులుతుంది. అది ఐరన్ సల్ఫైడ్. ఇందులో పసుపు రంగు లేదు, అయస్కాంతం దాన్ని ముందులా లాగదు. అదే ఆమ్లంలో వేస్తే ఈసారి కుళ్ళిన గుడ్డు వాసన, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్. అది విషవాయువు, కాబట్టి చిటికెడుతోనే, గాలి బాగా ఆడే చోట, తెలిసినవాళ్ళ పర్యవేక్షణలోనే చేయాలి.

ఒకసారి ఈ ప్రయోగం అయ్యాక ఒక అమ్మాయి లేచి, "సార్, అయితే ఇనుము ఎక్కడికి పోయింది?" అని అడిగింది. "ఎక్కడికీ పోలేదమ్మా, గంధకంతో కలిసిపోయింది" అన్నాను. అది తప్పు కాదు గానీ, సమాధానం కూడా కాదు. ముందు కూడా కలిపే ఉంచాం కదా! ఆ అమ్మాయి ముఖం చూస్తేనే తెలిసింది, తనకు అందలేదని. చాలా రోజులు దాని గురించి ఆలోచించాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇలా చెబుతున్నాను.

పరమాణువుకు పేరు ఇచ్చేది కేంద్రకం, దాని ప్రవర్తనను నడిపేవి బయట తిరిగే ఎలక్ట్రాన్లు. రంగు, వాసన, అయస్కాంతానికి అంటుకోవడం, మండటం, కరగడం, విద్యుత్తును పంపడం, వీటన్నిటి వెనుకా ఎలక్ట్రాన్ల అమరికే ఉంది. రసాయన చర్యలో కేంద్రకాన్ని ఎవరూ తాకరు. ఆ నల్లటి ముద్దలో కూడా 26 ప్రోటాన్లున్న కేంద్రకాలు అన్నీ భద్రంగా ఉన్నాయి, 16 ప్రోటాన్లున్న గంధకం కేంద్రకాలూ ఉన్నాయి. లెక్క ఒక్కటి కూడా తగ్గలేదు. అందుకే ఇనుము పోలేదు అంటాం. కానీ ఎలక్ట్రాన్ల పంపకం మొత్తం మారిపోయింది. లోహంగా ఉన్నప్పుడు ఇనుము పరమాణువుల మధ్య ఎలక్ట్రాన్లు ఎలా ఉండేవో, అలా ఇప్పుడు లేవు. పాత అమరిక పోయింది కాబట్టి పాత గుణాలు పోయాయి. మిశ్రమంలో ఈ మార్పు జరగదు. రజను రేణువు పక్కన గంధకం రేణువు ఉంటుంది, అంతే, ఎవరి ఎలక్ట్రాన్లు వాళ్ళవే. వేడి చేసినప్పుడు నాళిక అంతా వెలగడానికి కారణం కూడా ఇదే. కొత్త అమరిక మరింత స్థిరమైనది, ఆ తేడా శక్తి రూపంలో బయటికి వచ్చింది.

ఇప్పుడు నీళ్ళు. హైడ్రోజన్ మండుతుంది అంటున్నామే, ఆ మండటం అంటే ఏమిటి? ఆక్సిజన్‌తో కలిసి నీరుగా మారడమే. అంటే నీరు అప్పటికే మండిపోయిన హైడ్రోజన్. కట్టె కాలాక మిగిలే బూడిదను మళ్ళీ మండించలేం, నీటిదీ అదే పరిస్థితి. 2 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ కలిసి 18 గ్రాముల నీరు అయ్యేటప్పుడు సుమారు 286 కిలోజౌళ్ళ శక్తి బయటికి వస్తుంది. తిరిగి విడదీయాలంటే అంత శక్తీ మనం పెట్టాలి. విద్యుద్విశ్లేషణలో కరెంటు చేసే పని అదే. ఆ ప్రయోగం మీరు చూసి ఉంటే, ఒక గొట్టంలో వచ్చే వాయువు ఇంకోదానికి రెట్టింపు ఉంటుంది. రెట్టింపు ఉన్నది 'టప్' మని మండుతుంది, రెండో దాంట్లోకి నిప్పుకణిక ఉన్న పుల్ల పెడితే భగ్గున వెలుగుతుంది. నీటిలో లేనట్టు కనిపించిన గుణాలు రెండూ, మూలకాలు విడివడగానే తిరిగి వస్తాయి.

మరి నీరు మంటను ఆర్పడం మాటేమిటి? మండుతున్న వస్తువు వేడిని లాక్కుని ఆవిరవుతుంది, ఆ ఆవిరి గాలిని కొంత అడ్డుకుంటుంది. నీటిలోని ఆక్సిజన్ మంటకు సాయపడదు, ఎందుకంటే అది హైడ్రోజన్‌తో గట్టి బంధంలో ఉంది. ఆ బంధాన్ని తెంచగల వస్తువు ఎదురైతే మాత్రం కథ మారుతుంది. మండుతున్న మెగ్నీషియం మీద నీళ్ళు పోస్తే అది నీటిలోంచే ఆక్సిజన్ లాక్కుని హైడ్రోజన్‌ను వదులుతుంది, మంట ఇంకా పెరుగుతుంది. లోహాల మంటల మీద నీళ్ళు పోయకూడదని అగ్నిమాపక సిబ్బంది చెప్పేది అందుకే.

నీటి దగ్గరే ఇంకో రెండు పొరపాట్లు చూస్తుంటాను. నీళ్ళు మరిగేటప్పుడు వచ్చే బుడగలు హైడ్రోజన్, ఆక్సిజన్ అని కొందరు రాస్తారు. కాదు, అది నీటి ఆవిరి. మరగడంలో అణువులు ఒకదాన్నొకటి వదిలి దూరంగా పోతాయి, అణువు లోపలి బంధాలు తెగవు. ఆవిరి కూడా నీరే. రెండోది చేపల సంగతి. చేపలు నీటిలోని ఆక్సిజన్ పీలుస్తాయి అనగానే, ఫార్ములాలో కనిపించే ఆ ఆక్సిజన్‌నే అనుకుంటారు. ఒక కిలో నీటిలో బంధంలో ఉన్న ఆక్సిజన్ దాదాపు 888 గ్రాములు. చేప దాన్ని ముట్టుకోలేదు. అది పీల్చేది గాలి నుంచి నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను. గాలి తగులుతున్న మంచినీటిలో, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అది లీటరుకు 8 మిల్లీగ్రాములకు కాస్త పైన ఉంటుంది. 888 గ్రాముల మధ్య ఉండి కూడా ఆ 8 మిల్లీగ్రాములు తగ్గితే చేప చచ్చిపోతుంది. సమ్మేళనంలో ఉండటానికీ, మిశ్రమంలో ఉండటానికీ ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

మిశ్రమాల గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను. గాలి, ఇత్తడి, ఉప్పునీరు సమ్మేళనాలు కావు. పాళ్ళు మార్చినా గాలి గాలే, ఇత్తడి ఇత్తడే.

ఉప్పు గురించి మాత్రం ఒక మాట. సోడియం కత్తితో కోయగలిగే మెత్తటి లోహం, నీటిలో వేస్తే చుర్రుమని మండిపడుతుంది. క్లోరిన్‌ను మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో విషవాయువుగా వాడారు. రెండూ కలిస్తే మనం తినే ఉప్పు. పైన చెప్పిన కారణమే ఇక్కడా. సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేసింది, క్లోరిన్ తీసుకుంది, రెండూ శాంతించాయి. అయితే 'ఉప్పు అణువు' అని రాయకండి. ఉప్పు స్ఫటికంలో సోడియం అయాన్లు, క్లోరైడ్ అయాన్లు (ఎలక్ట్రాన్ ఇచ్చో తీసుకునో విద్యుదావేశం పొందిన పరమాణువులు) ఒకదాని పక్కన ఒకటి అన్ని వైపులా వరుసగా పేర్చుకుని ఉంటాయి, ఇది జంట అని విడదీసి చూపడానికి అందులో ఏమీ లేదు. ఫార్ములా చెప్పేది ఒకటికి ఒకటి అన్న నిష్పత్తిని మాత్రమే. ప్రతి సమ్మేళనం అణువులతో తయారవుతుందన్నది తప్పు, ప్రతి అణువూ సమ్మేళనం అన్నదీ తప్పే. మీ ఆక్సిజన్ సందేహం పుట్టింది ఈ రెండో తప్పులోంచే.

ఇక మూడోది, నిష్పత్తి. ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ ప్రౌస్ట్ రాగి కార్బొనేట్‌ను పరిశీలించి, గనిలో దొరికినదైనా ప్రయోగశాలలో చేసినదైనా పాళ్ళు ఒకటేనని 1799లో చూపించాడు. నీరు ఎక్కడిదైనా బరువులో 1 పాలు హైడ్రోజన్‌కు 8 పాళ్ళ ఆక్సిజన్. నిష్పత్తి మారితే అది వేరే పదార్థం. 1 పాలుకు 16 పాళ్ళయితే హైడ్రోజన్ పెరాక్సైడ్, దాన్ని తాగలేం. అప్పట్లోనే బెర్తొలే అనే మరో గొప్ప రసాయన శాస్త్రవేత్త, పాళ్ళు మారవచ్చని ఏళ్ళ తరబడి వాదించాడు. ఆయన చూపిన ఉదాహరణల్లో చాలావరకు మిశ్రమాలని తేలి వాదన ప్రౌస్ట్ వైపు మొగ్గింది. ఆ తర్వాత డాల్టన్ పరమాణు సిద్ధాంతం వచ్చి, పాళ్ళు ఎందుకు మారవో కారణం చెప్పింది: పరమాణువులు పూర్ణ సంఖ్యల్లో కలుస్తాయి, ఒకటిన్నర పరమాణువు ఉండదు.

మరి ఎప్పటికీ మారదా అంటే, నీరు, కార్బన్ డయాక్సైడ్ లాంటి విడి అణువులున్న సమ్మేళనాల్లో పరమాణువుల లెక్క మారదు. బరువు లెక్క ఐసోటోపుల వల్ల, అంటే క్లోరిన్‌లో చూసినట్టు న్యూట్రాన్ల సంఖ్య వేరుగా ఉన్న పరమాణువుల వల్ల, మారవచ్చు. బరువైన హైడ్రోజన్ ఐసోటోపు ఉన్న నీటిలో, అంటే భారజలంలో, 1 పాలు హైడ్రోజన్‌కు 4 పాళ్ళే ఆక్సిజన్, అయినా అక్కడా రెండుకు ఒకటి అన్న లెక్క అలాగే ఉంది. కానీ స్ఫటికాలుగా ఉండే కొన్ని ఘన పదార్థాల్లో ఆ లెక్క కూడా కాస్త అటూ ఇటూ అవుతుంది. ఫెర్రస్ ఆక్సైడ్‌లో ఒక ఆక్సిజన్‌కు ఒక ఇనుము ఉండాలి. మామూలుగా తయారయ్యే దాంట్లో 0.95 దగ్గరే ఉంటుంది, ఇంకా తగ్గవచ్చు కూడా. స్ఫటికంలో ఇనుము ఉండాల్సిన కొన్ని చోట్లు ఖాళీగా ఉండిపోతాయి. అలా ఒక్కో ఖాళీకి రెండు చొప్పున, మిగతా ఇనుము అయాన్లు రెండు బదులు మూడు ఆవేశాలు మోసి లెక్క సరిచేస్తాయి. ఇలాంటి వాటికి తర్వాతి కాలంలో బెర్తొలే పేరు మీదే బెర్తొలైడ్లు అని పేరు పెట్టారు.

మన నల్లటి ముద్ద కూడా ఈ కోవలోకి వస్తుంది. ఆ ప్రయోగం చేసినప్పుడు ముద్దను పొడి చేసి అయస్కాంతం పెడితే ఒక్కోసారి కొంచెం అంటుకుంటుంది. పిల్లలు టెన్షన్ పడి, ప్రయోగం చెడిపోయిందా అని అడుగుతారు. కలవకుండా మిగిలిన ఇనుము అని చెప్పి వదిలేసేవాణ్ణి, చాలాసార్లు నిజం కూడా అదే. కానీ గంధకం కాస్త ఎక్కువైనప్పుడు ఇనుము చోట్లు కొన్ని ఖాళీగా ఉన్న సల్ఫైడ్ ఏర్పడవచ్చు. ప్రకృతిలో పిర్రొటైట్ అనే ఖనిజంగా దొరికేది అదే. దానిలో ఖాళీలు ఒక క్రమంలో అమరితే అది తనంతట తానే అయస్కాంతానికి స్పందిస్తుంది, అందులో విడిగా ఇనుము ఒక్క రేణువు లేకపోయినా సరే.